గెలిచిన చెయ్యి

గరాజులో బుంగమిరపకాయలు మాడిపోతున్నాయి. చూసే నాథుడు లేడు.

"మీరే నొక్కారు అత్తయ్యా! నేను మీ చెయ్యి పట్టుకుని లాగుతున్నాను. లాగుతుంటే మీ చెయ్యి వెళ్లి మీట మీద పడింది. అంతే!" అంది బిల్యానా, పట్టకారు గాల్లో ఊపుతూ.

స్లావ్కా పీట మీద కూర్చుని కాల్చిన కాయల తొక్క వలుస్తోంది. మోచేతుల దాకా ఎరుపే. తలెత్తలేదు.

"వినపడుతోందా?"

"స్టీలు ఫ్యాక్టరీ అవతల వాళ్లకి కూడా వినపడుతోంది. ముందు ఆ కాయలు తిప్పు. ఏడాది పొడుగునా మాడు పచ్చడి తినాలా ఏం?"

బిల్యానా గబగబా కాయలు తిప్పింది. నాలుగు చేతికి వచ్చాయి, ఆరు బొగ్గయ్యాయి.

నిన్న పొద్దున పదకొండు గంటలకి క్లబ్బులో ఆ పోకీ జూదం మెషిన్ గంటలు మోగించి, దీపాలు వెలిగించి, నలభై ఒక్క వేల డాలర్లు తగిలాయని చాటిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడలేదు. ఫోన్ ఆగలేదు. పక్కింటి లెంచె కంచె మీంచి మూడుసార్లు తొంగిచూసి, "నిజమేనా స్లావ్కా?" అని అడిగి, నాలుగోసారి వాల్‌నట్ కేకు కూడా పట్టుకొచ్చింది. సంబరం అంతా సంబరమే. డబ్బు మాత్రం చేతికి రాలేదు.

ఎందుకు రాలేదంటే, పద్నాలుగు నెలల కిందట స్లావ్కా తన ఫోటో అంటించి, తన చేత్తో సంతకం చేసి క్లబ్బుకిచ్చిన కాగితం ఒకటుంది. నాకు ఈ ఆట జబ్బులా పట్టుకుంది, నన్ను మెషిన్ల గదిలోకి రానివ్వకండి అని. బిల్యానా బతిమాలి, ఏడ్చి, అన్నం మానేసి పెట్టించిన సంతకం అది. అందులో తొమ్మిదో షరతు ఏమిటయ్యా అంటే, ఈ మనిషి లోపలికొచ్చి గెలిస్తే ఆ డబ్బు చెల్లదు. లోపలికొచ్చి ఓడిపోతే? దానికి షరతేమీ లేదు. ఓడిపోయిన సొమ్ము శుభ్రంగా చెల్లుతుంది.

పద్నాలుగు నెలలు ఆవిడ ముఖం ఒక్కడికీ గుర్తు రాలేదు. గెలిచిన నాలుగు నిమిషాల్లో అందరికీ గుర్తొచ్చింది. ఏం జ్ఞాపకశక్తి!

"క్లబ్బు మేనేజరు బ్రెట్ మళ్లీ ఫోన్ చేశాడా?" అంటూ ట్రాయ్‌కో గరాజులోకి వచ్చాడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి రెండు గంటలు కూడా పడుకోలేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎనిమిదింటికి చేశాడు. మూడింటికి రమ్మన్నాడు. అత్తయ్యతో పాటు నన్నూ రమ్మన్నాడు. కెమెరాలో ఏదో చూశారట."

"ఏం చూశారు?"

"చెప్పలేదు. 'మీ కుటుంబానికి మంచి కబురే' అన్నాడు. వాడి మంచి కబురు నాకెందుకు? సోమవారం నేను సిడ్నీ వెళ్లి క్లబ్బులకి లైసెన్సులిచ్చే ఆఫీసులో ఫిర్యాదు ఇస్తున్నాను. నాలుగు పేజీలు టైపు చేశాను. రానివ్వొద్దని రాసిచ్చిన మనిషిని ఏడాది పైగా లోపల కూర్చోబెట్టి టీలిచ్చారు. నిన్న నేనే స్వయంగా పట్టుకున్నాను. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

ట్రాయ్‌కో తల్లి వైపు చూడకుండా పెళ్లాంతో అన్నాడు. "అమ్మని అడుగు, ఆ వాల్‌నట్ కేకు ఎవరికైనా పెట్టేదుందా అని."

తల్లి మూడడుగుల దూరంలో ఉంది. వారం రోజులుగా ఇదే వరస. నాన్న సమాధికి రాయి చేయించడానికి దాచిన డబ్బు ఎటుపోయిందో పోయిన శుక్రవారం బయటపడింది. ఆ రోజు నుంచి అమ్మతో మాట్లాడాలంటే ట్రాయ్‌కోకి మధ్యలో ఒక మనిషి కావాలి.

"పెట్టుకు తినమని చెప్పు," అంది స్లావ్కా, తనూ కోడలితోనే.

"నేనేమన్నా టెలిఫోన్ తీగనా?" అని కసిరింది బిల్యానా.

స్లావ్కా మొగుడు నౌమ్ పోయి నాలుగేళ్లయింది. ముప్పై ఏళ్లు స్టీలు ఫ్యాక్టరీ బట్టీ ముందు పని చేసిన మనిషి. మాసిడోనియా నుంచి ఈ ఊరికి వలసొచ్చిన వాళ్లందరి సమాధుల మీదా నల్ల గ్రానైట్ రాళ్లు నిగనిగలాడుతుంటే, ఆయన మీద మాత్రం ఇంకా చెక్క శిలువే ఉంది. పెయింటు కూడా పెచ్చులూడింది. రాయి చెక్కేవాడు ఆలస్యం చేస్తున్నాడని స్లావ్కా నాలుగేళ్లు అందరికీ చెప్పింది. పాపం, ఆ శిల్పికి ఈవిడ ఎవరో కూడా తెలీదు.

రేపు పెద్దల శనివారం. ఊరంతా ఉడికించిన గోధుమలు, వైను, రొట్టెలు పట్టుకుని శ్మశానానికి వస్తుంది. ఒకరి సమాధి దగ్గర ఒకరు ఆగుతారు. గోధుమలు నోట్లో వేసుకుని, ఆత్మశాంతికి ఓ మాట అని, తర్వాత రాయి వైపు చూస్తారు. రాయి లేని చోట ఇంకా ఎక్కువసేపు చూస్తారు.

స్లావ్కా చేతులు గుడ్డకి తుడుచుకుని లేచింది.

"అమ్మాయ్, ఒక్క మాట విను. వాళ్లు అడిగితే మీట నువ్వే నొక్కానని చెప్పు. నీ మీద ఏ కాగితమూ లేదు. చెక్కు నీ పేర ఇస్తారు. ఇవాళే రాయికి బయానా ఇచ్చేద్దాం. రేపు ఆయన దగ్గర తలెత్తుకు నిలబడతాను. ఆ తర్వాత నన్నేం చేసినా సరే, గదిలో పెట్టి తాళం వెయ్యి."

"నేను అబద్ధం చెప్పను."

"అబద్ధం చెప్పమని నేనన్నానా?"

బిల్యానా పట్టకారు కింద పెట్టింది. అత్తగారు ఆమెను అలాగే చూస్తూ ఉండిపోయింది. కోపం లేదు, వేడుకోలు లేదు ఆ చూపులో. ఊరికే చూస్తోంది.

"నేను చెయ్యి పట్టి లాగాను," అంది బిల్యానా మళ్లీ. నిన్నటి నుంచి అది పదకొండోసారి. మొగుడికి చెప్పింది, లెంచెకి చెప్పింది, ఫోన్‌లో అక్కకి చెప్పింది. చెప్పినకొద్దీ మాట గట్టిపడింది.

"సరే అమ్మా. లాగావు," అని స్లావ్కా మళ్లీ పీట మీద కూర్చుంది.

* * *

క్లబ్బు గుమ్మంలో బల్ల వెనక కూర్చున్న టేగన్ అనే పిల్ల వీళ్లని చూడగానే, "హాయ్ స్లావ్! ఇవాళ లేటయ్యిందేం?" అంది. అని నాలుక్కరుచుకుంది.

"ఏమన్నావమ్మా?" అంది బిల్యానా.

"ఏం లేదండీ. మీ పేరు ఇక్కడ రాయండి."

బ్రెట్ ఆఫీసు గదిలో చల్లగా ఉంది. గోడల నిండా ఫోటోలు. ఊళ్లో పిల్లల ఫుట్‌బాల్ టీములు, వాళ్ల చొక్కాల మీద క్లబ్బు పేరు. ఒక ఫోటోలో ఏడేళ్ల ట్రాయ్‌కో కూడా ఉన్నాడు, ముందు పళ్లు లేకుండా. బ్రెట్ ముందుగా అదే చూపించాడు.

"చూశావా ట్రాయ్? నువ్వు మన కుర్రాడివే! రండి, కూర్చోండి. స్లావ్కా డార్లింగ్, నీకీ కుర్చీ. మెత్తగా ఉంటుంది."

స్లావ్కా కూర్చుంది. ఇంట్లో కంటే ఇక్కడే ఆవిడ నడుము నిటారుగా ఉంది. బిల్యానాకి ఒళ్లు మండింది.

తలుపు తోసుకుని టేగన్ టీ తెచ్చింది. అందరికీ ఖాళీ కప్పులు, పక్కన టీ కెటిల్, పాలు, చక్కెర. స్లావ్కా ముందు మాత్రం కలిపిన టీ పెట్టి, సాసర్లో రెండు అల్లం బిస్కెట్లు ఉంచింది.

"చక్కెర వేశావా?" అని అడిగింది బిల్యానా.

"రెండు చెంచాలు. ఆవిడకి ఎప్పుడూ..."

"టేగన్, నువ్వెళ్లు," అన్నాడు బ్రెట్.

"ఎప్పుడూ అంటే ఎప్పట్నుంచి?"

టేగన్ అప్పటికే తలుపు వేసుకుని వెళ్లిపోయింది. బిల్యానా భర్త వైపు తిరిగింది. "విన్నావుగా? నువ్వు సాక్షివి!"

"వినండి, బిల్యానా గారూ," అన్నాడు బ్రెట్ చేతులు జోడించినంత పని చేస్తూ. "తప్పు జరిగింది. నేను కాదనను. వందల ఫోటోలు ఉంటాయి మా దగ్గర. ఆ ఫోటోలో స్లావ్కా నల్ల తలగుడ్డతో ఉంది. ఇప్పుడు చూడండి, జుట్టుకి రంగు, లిప్‌స్టిక్కు, పాతికేళ్ల పిల్లలా ఉంది!"

స్లావ్కా నవ్వాపుకోలేకపోయింది. ట్రాయ్‌కో బల్ల మీద గుద్దాడు.

"మా నాన్న పోయిన దుఃఖంలో కట్టుకున్న గుడ్డ అది! దాని మీద కూడా జోకులా?"

"సారీ, సారీ. ట్రాయ్, అసలు మిమ్మల్ని పిలిచింది పోట్లాడటానికి కాదు. నిన్న మా వాళ్లు తొందరపడ్డారు. ఇదుగో, మీరే చూడండి." బ్రెట్ కంప్యూటర్ తెరని వాళ్ల వైపు తిప్పాడు.

శబ్దం లేదు. పై నుంచి తీసిన బొమ్మ. మెషిన్ ముందు స్లావ్కా, ఒళ్లో సంచి. పక్క నుంచి బిల్యానా దూసుకొచ్చింది. చేతులు తిప్పుతూ అరుస్తోంది. చుట్టుపక్కల ముగ్గురు తిరిగి చూశారు. స్లావ్కా కాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా లేచింది. సంచి భుజాన వేసుకుంది. తలుపు వైపు నడిచింది, ఒకడుగు, రెండడుగులు, మూడు.

ఎవరూ ఎవరి చెయ్యీ లాగలేదు.

తెరలో బిల్యానా కూడా అత్తగారి వెనకే కదిలింది. కదిలి, ఆగింది. వెనక్కి తిరిగి మెషిన్ వైపు వంగి చూసింది. ఏదో అంది. వేలితో మీట నొక్కింది. మెషిన్ మీద బొమ్మలు తిరిగి ఆగాయి. ఏమీ లేదు. మళ్లీ నొక్కింది.

గదంతా దీపాలే దీపాలు!

బిల్యానా ఎగిరి గంతేసింది. రెండు చేతులూ పైకెత్తి నవ్వింది. నోరంతా తెరిచి, కళ్లు మూసుకుని, చిన్నపిల్లలా నవ్వింది. పరిగెత్తుకెళ్లి స్లావ్కాని వాటేసుకుని గిరగిరా తిప్పింది. బ్రెట్ అక్కడ ఆపాడు. తెర మీద ఆ నవ్వు అలాగే నిలబడిపోయింది.

అవతలి హాల్లో మెషిన్ల పాట సన్నగా వినిపిస్తోంది.

"నువ్వేమన్నావో గుర్తుందా?" అంది స్లావ్కా, మెల్లగా. "'ఈ దొంగలకి రెండు డాలర్ల ఎనభై సెంట్లు వదిలేసి పోతామా' అన్నావు. మెషిన్‌లో మిగిలినవి. బయటికి తీసుకోవచ్చు కూడా, మీట పక్కన ఇంకో మీట ఉంటుంది. నీకు తెలీదుగా."

నిజమే. చెత్తబుట్టలో పడేసిన సబ్బుముక్క కూడా ఏరి గిన్నెలు తోమడానికి పనికొస్తుందనే మనిషి బిల్యానా. బస్సు టికెట్లో పది సెంట్లు మిగులుతాయంటే రెండు స్టాపులు ముందే దిగి నడుస్తుంది. అట్లాంటి మనిషి మెషిన్ కడుపులో సొమ్ము ఎలా వదిలేస్తుంది?

"నేను..." అంది బిల్యానా. చెవులు వేడెక్కిపోయాయి. "నాకు నిజంగా... లాగాననే అనుకున్నాను."

ట్రాయ్‌కో ఆమె వైపు చూడలేదు. వారం తర్వాత మొదటిసారి తల్లి ముఖంలోకి చూశాడు.

"అమ్మా. నీకు తెలుసా ఇది?"

స్లావ్కా కప్పు సాసర్లో పెట్టింది. వాడు తనతోనే మాట్లాడాడని తెలియడానికి ఒక్క క్షణం పట్టింది.

"తెలుసురా."

"మరి నిన్న అందరి ముందూ నేనే గెలిచానని ఎందుకు అరిచావు?"

"నాలుగేళ్లు ఆ కుర్చీకి అంకితమయ్యానురా. దాని కింద మీ నాన్న రాయి పెట్టాను. చివరికి గంటలు మోగితే నోట్లోంచి అదే వచ్చింది. ఇంటికెళ్లాక చూస్తే ఇది నీకేదో చెప్పుకుంటోంది, చెయ్యి లాగానని. సిగ్గుపడుతోంది, చెప్పుకోనీలే అనుకున్నాను. సిగ్గంటే ఏమిటో నాకు తెలీదా?"

బిల్యానాకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ తను ఆవిణ్ని కాపలా కాస్తున్నాననుకుంది. నిన్నటి నుంచి ఆవిడే తనని కాపాడుతోంది.

బ్రెట్ గొంతు సవరించుకున్నాడు. సొరుగులోంచి చెక్కు తీసి బల్ల మీద పెట్టాడు. బిల్యానా పూర్తి పేరు, అక్షరం తప్పు లేకుండా. పక్కన ఒక కాగితం, దాని మీద పెన్ను.

"డబ్బు మీదే బిల్యానా గారూ. న్యాయంగా మీదే. చిన్న సంతకం చేసి తీసుకెళ్లండి."

ఆమె కాగితం చదివింది. ఏడు వాక్యాలు. స్లావ్కా నిన్న కోడలితో కలిసి భోజనానికి మాత్రమే వచ్చిందట. మెషిన్ ఆడలేదట. గడిచిన పద్నాలుగు నెలల్లో ఆ గదిలో అడుగు పెట్టలేదని కుటుంబ సభ్యులుగా తమకి తెలుసట. ఈ విషయంలో ఎక్కడా ఎలాంటి ఫిర్యాదూ చేయబోమట.

"సంతకం పెట్టకపోతే?"

"పెట్టకపోతే నేను పైకి పంపాలి. వాళ్లు విచారిస్తారు. ఆరు నెలలో, ఏడాదో. స్లావ్కా ఆడిన మెషిన్‌లో మిగిలిన డబ్బుతో మీరు నొక్కారు కాబట్టి అసలు చెల్లదని కూడా అనొచ్చు. నేను మాటివ్వలేను." బ్రెట్ నిట్టూర్చాడు. "రేపు మీ పెద్దల పండగ కదా? టేగన్ చెప్పింది. స్లావ్కా తనకి అన్నీ చెబుతుంటుంది."

చూశారా వాడి దయ? శ్మశానం తేదీ కూడా కనుక్కుని పెట్టుకున్నాడు.

ట్రాయ్‌కో కాగితం లాక్కుని చదివాడు. తిరిగి బల్ల మీద పెట్టాడు. "నీ ఇష్టం," అన్నాడు పెళ్లాంతో. "నాకు నాన్న రాయి కావాలి. నీ నాలుగు పేజీలు కూడా కావాలి. రెండూ రావు. నేను చెప్పలేను."

బిల్యానా పెన్ను చేతిలోకి తీసుకుంది. అత్తగారి వైపు తిరిగింది. "మీరు చెప్పండి. పొద్దుట్నుంచీ ఇదే అడిగారుగా. పెట్టేదా?"

స్లావ్కా టీ కప్పు పక్కకి జరిపింది. సగం తాగింది, బిస్కెట్లు ముట్టలేదు.

"ఇది పెడితే నా పాత కాగితానికి విలువుండదు. అంతేనా బ్రెట్?"

"అలాగని కాదు డార్లింగ్..."

"అంతే. నేనెప్పుడూ రాలేదని మా వాళ్లే రాసిచ్చాక నన్నెవరాపుతారు?" ఆవిడ కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. తొక్క వలిచిన ఎరుపు ఇంకా గోళ్లలో ఉంది. "అమ్మాయ్, నిజం చెప్తున్నాను. రేపు గోధుమలు పంచుతాను, ఆయన దగ్గర ఏడుస్తాను, ఎల్లుండి ఇక్కడికొస్తాను. నాకు నా సంగతి తెలుసు. ఆయనకి చెక్క శిలువ చాల్లే. పెట్టకు సంతకం."

"అమ్మా!" అన్నాడు ట్రాయ్‌కో.

"అందరి ముందూ నేనే చెప్పుకుంటానురా రేపు. రాయి డబ్బు నేనే తినేశానని. లెంచెకి ముందు చెప్తే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది. పదండి ఇంటికి. పచ్చడి సగంలో ఉంది."

స్లావ్కా లేచింది. సంచి భుజాన వేసుకుంది. ట్రాయ్‌కో కుర్చీ వెనక్కి తోసి తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్లారు.

బిల్యానా లేవలేదు.

పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. ఆమె చెక్కు వైపు చూడటం లేదు, కాగితం వైపు కూడా చూడటం లేదు. తెర మీద నిలిచిపోయిన తన ముఖాన్ని చూస్తోంది. పెళ్లి ఫోటోల్లో కూడా లేని నవ్వు అది. గుండె దడదడా కొట్టుకుంటోంది, నిన్న దీపాలు వెలిగినప్పుడు కొట్టుకున్నట్టే.

"బిల్యానా, రా," అన్నాడు ట్రాయ్‌కో తలుపు దగ్గర్నుంచి.

ఆమెకి వినపడలేదు. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"బ్రెట్," అంది. "ఆ చివరి ముక్క ఇంకోసారి వెయ్యండి."